కిల్న్‌లో థర్మోకపుల్ గొట్టం: లోహమా, సిరామిక్కా?

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసేవాళ్లకు తెలుసు, వేడి కొలిచే థర్మోకపుల్ కన్నా, దానికి రక్షణగా తొడిగిన గొట్టమే ముందు పోతుందని. కొనేటప్పుడు మాత్రం ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో ఒక్కటే అడుగుతారు. నన్నడిగితే ఆ అంకె చివర్లో చూడాల్సింది.

ఎస్ఎస్ 310 అనే స్టెయిన్‌లెస్ స్టీలు సంగతే చూడండి. 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్. ఆగకుండా వేడిలోనే ఉంటే గాలిలో 1150 డిగ్రీల దాకా నిలుస్తుంది. కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) మాటిమాటికీ ఆగి వెలుగుతుంటే మాత్రం 1035 దాటి నమ్మకూడదు. చల్లారినప్పుడల్లా పైనున్న ఆక్సైడ్ పొర పెచ్చులూడి, కింది లోహం మళ్లీ గాలికి తగులుతుంది. అందుకే ముక్క కోసి మఫుల్ ఫర్నేస్‌లో (ప్రయోగశాల కొలిమిలో) పరీక్షించేటప్పుడు ఏకబిగిన ఉంచేస్తే తేలదు. తీసి చల్లార్చి, మళ్లీ పెట్టాలి. రాలిన పెచ్చుల్ని క్రూసిబుల్‌లోనే (మూసలోనే) ఉంచి తూచాలి, లేదంటే లెక్క తప్పుతుంది.

ఇన్‌కోనెల్ 600 అనే మిశ్రలోహంలో నికెల్ 72 శాతం పైమాటే, ధరా ఎక్కువే. శుభ్రమైన గాలిలో మేలే. కానీ పెట్‌కోక్ (ముడిచమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) కాల్చే చోట గంధకం ఉంటుంది. నికెల్, గంధకం కలిస్తే 640 డిగ్రీల దగ్గరే కరిగిపోయే మిశ్రమం పుడుతుంది. ముడిపొడిని కిల్న్‌కు ముందే వేడిచేసే ప్రీహీటర్‌లో, కింది సైక్లోన్‌లో వేడి 850 దాకా ఉంటుంది! కోక్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పెరిగిందా, గంధకం గొట్టాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. అక్కడ నా ఓటు 310కే. గంధకం మరీ ఎక్కువైతే, నికెల్ లేని 446 రకం స్టీలుకి. అయితే అది వేడికి వంగుతుంది, నిలువుగా దించే చోటే వాడండి.

1100 దాటాక లోహాల మాట వదిలేయండి. క్లింకర్ (పొడిచేస్తే సిమెంటయ్యే గడ్డలు) తయారయ్యేది 1450 దగ్గర. మంట వైపు సిరామిక్కే. అల్యూమినా అనే సిరామిక్ 1700 దాకా నిలుస్తుంది, గంధకానికీ లొంగదు. దానికి పడనిదల్లా వేడి ఉన్నట్టుండి మారడం. 300 డిగ్రీలకు కాచి నీళ్లలో వేస్తే చిట్లుతుంది. పగులు కనపడకపోతే సిరా పూసి తుడవండి, గీత తేలుతుంది. కుండ కొనేటప్పుడు కొట్టినట్టు వేలితో కొట్టినా చాలు, ఖంగుమనకపోతే పక్కన పెట్టేయండి.

సిలికాన్ కార్బైడ్ అనే మరో సిరామిక్‌కు వేడికి కలిగే వ్యాకోచం అల్యూమినాలో దాదాపు సగమే. అందుకే ఆ దెబ్బలు ఓర్చుకుంటుంది. కానీ రంధ్రాలున్న రకమైతే వాయువులు లోపలికి దూరతాయి. కాబట్టి బయట అది, లోపల అల్యూమినా. ఖర్చని లోపలిది మానేయకండి. ప్లాటినం తీగలున్న ఎస్ టైపు థర్మోకపుల్‌కు లోహపు ఆవిరి తగిలితే రీడింగే మారిపోతుంది. కిల్న్ నడుస్తుండగా మార్చాల్సి వస్తే కొత్త గొట్టాన్ని ముందే కాస్త వేడిచేసి, కొంచెం కొంచెంగా లోపలికి దించండి.