ఎల్‌ఎస్‌సీ: కాలేజీ డేటాబేస్‌నీ ఎల్‌డాప్‌నీ ఒక్క మాట మీద ఉంచే సాఫ్ట్‌వేర్

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. మాకు 4,200 మంది విద్యార్థులు. వాళ్ల వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, అడ్మిషన్ సెక్షన్ వాళ్లు ఎక్కిస్తారు. వైఫై, మూడుల్ (ఆన్‌లైన్ కోర్సుల సైటు), ల్యాబ్ కంప్యూటర్లు మాత్రం లాగిన్ కోసం ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్‌ని అడుగుతాయి. ఎల్‌డాప్ అంటే అందరి లాగిన్ వివరాలూ ఒకేచోట ఉంచే డైరెక్టరీ, ఓపెన్‌ఎల్‌డాప్ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. ఇక్కడిది అక్కడికి చేర్చడం నా పని. ఎక్సెల్ షీట్ వస్తే దాన్ని ఎల్‌డిఫ్ ఫైలుగా, అంటే ఎల్‌డాప్ చదవగలిగే టెక్స్ట్ ఫైలుగా, మార్చి ఎక్కించేదాన్ని. కౌన్సెలింగ్ విడతలుగా జరుగుతుంది కాబట్టి ప్రతి విడతకీ మళ్లీ మొదటి నుంచీ ఇదే. బ్రాంచి మారినవాళ్లు ఎల్‌డాప్‌లో పాత బ్రాంచిలోనే మిగిలిపోయేవాళ్లు. సీటు వదిలేసి వెళ్లినవాళ్ల వైఫై మాత్రం పనిచేస్తూనే ఉండేది.

ఎనిమిది నెలల కింద ఎల్‌ఎస్‌సీ పెట్టాను. పూర్తి పేరు ఎల్‌డాప్ సింక్రొనైజేషన్ కనెక్టర్. ఓపెన్ సోర్స్, జావాలో రాశారు, డబ్బు కట్టే పని లేదు. బటన్లు నొక్కే స్క్రీన్ ఏదీ ఉండదు. అంతా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాసుకోవాలి. డేటాబేస్ ఎక్కడుందో, ఎల్‌డాప్ ఎక్కడుందో, డేటాబేస్‌లోని ఏ కాలమ్ ఎల్‌డాప్‌లోని ఏ ఆట్రిబ్యూట్‌లోకి (గడిలోకి) వెళ్లాలో అన్నీ అందులోనే. జావా ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడ్డానికి కావలసిన జేడీబీసీ డ్రైవర్ తెచ్చి దాని లైబ్రరీ ఫోల్డర్‌లో పెట్టాలి. మార్పులు చేసే లెక్కలు జావాస్క్రిప్ట్‌లో రాయొచ్చు. జావా 15 నుంచి నాషార్న్ అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌ని తీసేశారు. అందుకే నేను జావా 11తోనే ఉన్నాను.

ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట పట్టింది. మిగతా పనికి మూడు వారాలు పట్టింది. అందులో ఎక్కువ భాగం పేర్లకే పోయింది.

ఎల్‌డాప్‌లో మనిషిని చేర్చాలంటే ఇంటిపేరు తప్పనిసరి. అది ఖాళీగా ఉంటే సర్వర్ 65 నంబరు ఎర్రర్ ఇచ్చి ఆ మనిషిని తీసుకోదు. మా డేటాబేస్‌లో పేరుకు ఒకటే కాలమ్, పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టు. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి చివర, కొందరికి ఒట్టి ‘కె.’ అనే అక్షరం. షేక్ రేష్మా లాంటి పేర్లలో మొదటి మాట ఇంటిపేరే. 61 మందికి మాత్రం పేరు మొత్తం ఒకటే మాట. ఆ 61 మందీ మొదటి ట్రయల్‌లో ఆగిపోయారు. చివరికి మొదటి మాటని ఇంటిపేరుగా తీసుకుంటూ, ఒకటే మాట ఉంటే దాన్నే రెండు చోట్లా పెడుతూ నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాశాను. పూర్తి పేరు ఆట్రిబ్యూట్‌ని మాత్రం ముట్టుకోలేదు. పిల్లలకి స్క్రీన్ మీద కనపడేది వాళ్ల మెమోలో ఉన్న పేరే అయ్యుండాలి.

తర్వాతి చిక్కు రోల్ నంబర్. జేఎన్‌టీయూ నంబర్లలో మొదటి రెండు అంకెలూ చేరిన సంవత్సరం. ఆ తర్వాత కాలేజీ కోడ్, రెగ్యులర్ అయితే 1ఏ, లేటరల్ ఎంట్రీ అయితే 5ఏ, ఆపైన బ్రాంచి: సీఎస్‌ఈకి 05, ఈసీఈకి 04. నేను మొదటి రెండు అంకెలు చూసి బ్యాచ్ కట్టాను. డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరిన ఒక అబ్బాయి సర్వర్ రూమ్‌కి వచ్చి, ‘మేడమ్, మూడుల్‌లో నాకు ఫస్ట్ ఇయర్ కోర్సులే వస్తున్నాయి’ అన్నాడు. అప్పటికి వారం నుంచి తన క్లాసు నోట్సు తనకు దొరకడం లేదట. నాకు చాలా బాధనిపించింది. 5ఏ కనపడితే బ్యాచ్‌ని ఒక సంవత్సరం వెనక్కి జరపమని ఆ సాయంత్రమే ఒక షరతు చేర్చాను. అతనితో పాటు అదే ఇబ్బంది పడుతున్న మిగతా లేటరల్ ఎంట్రీ వాళ్లందరికీ మర్నాటికల్లా సరైన కోర్సులు వచ్చాయి.

ఇక ఈ సాఫ్ట్‌వేర్‌ని నేను మెచ్చుకునేది డ్రై రన్ కోసం. కమాండ్ చివర మైనస్ ఎన్ పెడితే అది దేన్నీ మార్చదు. ఏం మార్చబోతోందో ఒక్కో మనిషి పేరునా ఎల్‌డిఫ్ రూపంలో లాగ్‌లో రాసి చూపిస్తుంది. ఎల్‌ఎస్‌సీలో పనులు రెండు రకాలు: సింక్ చేరుస్తుంది, సరిదిద్దుతుంది, క్లీన్ డేటాబేస్‌లో లేనివాళ్లని ఎల్‌డాప్ నుంచి తొలగిస్తుంది. మొదటిసారి క్లీన్‌ని డ్రై రన్‌లో నడిపితే 37 మందిని తొలగిస్తానని రాసింది. ఆ 37 మందీ చక్కగా క్లాసులకి వస్తున్న పిల్లలే! వెతికితే తేలిందేమిటంటే, డేటాబేస్‌లో వాళ్ల రోల్ నంబర్లు చిన్న అక్షరాలతో టైప్ చేసి ఉన్నాయి, ఎల్‌డాప్‌లో నేను పెద్ద అక్షరాలతో ఎక్కించి ఉన్నాను. యూఐడీ (లాగిన్ పేరు, మాకైతే రోల్ నంబరే) పోల్చేటప్పుడు ఎల్‌డాప్ ఆ తేడా పట్టించుకోదు, పోస్ట్‌గ్రెస్ పట్టించుకుంటుంది. ఎల్‌ఎస్‌సీ చదివే డేటాబేస్ వ్యూలోనే (టేబుల్ మీద రాసి పెట్టుకున్న క్వెరీ) అన్నింటినీ పెద్ద అక్షరాలకి మార్చాక ఆ లెక్క సున్నాకి వచ్చింది. డ్రై రన్ లేకపోతే మిడ్ పరీక్షల వారంలో ఆ 37 మందికీ లాగిన్ పోయేది.

పాస్‌వర్డ్ దగ్గర కూడా అదే కాపాడింది. ఒక్కో ఆట్రిబ్యూట్‌ని ఎలా మార్చాలో చెప్పే సెట్టింగ్ పేరు పాలసీ. అది ఫోర్స్‌లో ఉంటే డిఫాల్ట్ విలువని ప్రతిసారీ పైన రుద్దుతుంది. ట్రయల్‌లో నేనే ఒక ఖాతా పాస్‌వర్డ్ మార్చి, మళ్లీ డ్రై రన్ చేస్తే, దాన్ని పాతదానికి తిప్పేస్తానని లాగ్‌లో కనపడింది. పాస్‌వర్డ్ ఒక్కదానికీ పాలసీని కీప్ చేశాను. ఉన్నదాన్ని ఉంచుతుంది, లేకపోతేనే పెడుతుంది.

తెలుసుకోకుండా దిగితే టెన్షన్ పెట్టేవి ఇంకో రెండున్నాయి. ఓపెన్‌ఎల్‌డాప్ మామూలుగా ఒక సెర్చ్‌కి 500 ఫలితాలే ఇస్తుంది. సింక్ కోసం వాడే ఖాతాకి ఆ పరిమితిని సర్వర్ కాన్ఫిగరేషన్‌లోనే ఎత్తేయాలి, పేజీలుగా అడిగినంత మాత్రాన అది పోదు. రెండోది వేగం. ఎల్‌ఎస్‌సీ ముందు రోల్ నంబర్ల జాబితా తెచ్చుకుని, తర్వాత ఒక్కొక్కరికీ విడిగా క్వెరీ పంపుతుంది. మా వ్యూ వెనకున్న టేబుల్‌కి రోల్ నంబర్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) లేదు. 40 నిమిషాలు పట్టేది, ఇండెక్స్ వేశాక 3 నిమిషాలు.

డేటాబేస్‌లో ఎల్‌ఎస్‌సీకి ఇచ్చిన యూజర్‌కి ఆ వ్యూ చదివే అనుమతి తప్ప ఇంకేమీ లేదు. క్లీన్‌లో తొలగింపు షరతుని ఫాల్స్‌లోనే ఉంచాను. ఎప్పుడైనా వ్యూ ఖాళీగా వచ్చిందంటే కాలేజీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఆ ధైర్యం నాకు లేదు. సీటు వదిలేసినవాళ్ల స్టేటస్ మాత్రం సింక్‌తోనే మారిపోతుంది, వైఫై సర్వర్ ఆ స్టేటస్ చూసి ఆపేస్తుంది.

నాలుగైదు వందల మంది ఉన్న చిన్న సంస్థకి ఇంత అక్కర్లేదు, చిన్న పైథాన్ స్క్రిప్ట్ చాలు. ఎక్స్‌ఎంఎల్ అంటే విసుగు ఉన్నవాళ్లకీ కష్టమే, ఎస్‌క్యూఎల్, ఎల్‌డాప్ రెండూ కాస్త వచ్చి ఉండాలి. మా అంత కాలేజీకైతే నిస్సంకోచంగా పెట్టుకోమంటాను. ఇప్పుడు రోజూ రాత్రి 2 గంటలకి క్రాన్‌లో (టైముకి దానంతటదే పని మొదలుపెట్టే లినక్స్ షెడ్యూలర్) నడుస్తుంది. పొద్దున రాగానే లాగ్ తెరిచి ఎంతమంది చేరారో, ఎవరి బ్రాంచి మారిందో చదువుతాను. నిన్న నలుగురు. వచ్చే నెల నుంచి స్టాఫ్‌ని కూడా దీనిలోకే తెస్తున్నాను. వాళ్లకి రోల్ నంబర్ లాంటిది లేదు, ఉద్యోగి నంబర్ ఇద్దరికి ఒకటే పడి ఉంది. ముందు ఆ సంగతి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌తో తేల్చుకోవాలి.