కోనసీమ తీరం కారులో: పంటులు, ఏటిగట్లు, ఉప్పుగాలి

యానాం నుంచి అంతర్వేది దాకా సముద్రం పక్కనే కారులో సాగిపోవచ్చని చాలామంది అనుకుంటారు. అలాంటి దారి లేదు. గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వశిష్ఠ తీరాన్ని ముక్కలు చేసేశాయి. 216 జాతీయ రహదారి ఎదుర్లంక, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, దిండి మీదుగా పోతుంది గానీ ఆ పొడవునా సముద్రం కనబడదు. కడలి చూడాలంటే ప్రతిసారీ రోడ్డు దిగి దక్షిణానికి వెళ్లాలి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. ఓడలరేవులో నిలబడితే వైనతేయ అవతల కరవాక ఒడ్డు కనబడుతుంటుంది. కారుకు మాత్రం వెనక్కొచ్చి బోడసకుర్రు వంతెన ఎక్కి, పాశర్లపూడిలో దిగి, మళ్లీ కిందికి పోవడం తప్పదు. రోజుకు ఒక పాయ దాటేలా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. మూడూ ఒకే రోజు పెట్టుకుంటే రోడ్డు తప్ప ఇంకేమీ చూడరు.

ఏళ్ల తరబడి అన్ని కాలాల్లో ఈ దారుల్లో కారు నడిపాక తీరం కన్నా లోపలి కాలువ గట్లకే ఎక్కువ మార్కులు వేస్తాను. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురం, లొల్ల లాకుల (కాలువ నీటిని అదుపు చేసే తలుపుల) మీదుగా రావులపాలెం వచ్చే దారి డెల్టా మొత్తంలో నాకు మొదటిది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఈ సీమ ఎలా మారిందో లాకుల దగ్గర కారు ఆపి కాలువలు చీలే తీరు చూస్తే అర్థమవుతుంది. రెండోది పి.గన్నవరం అక్విడెక్టు. కింద వైనతేయ, పైన నగరం లంకకు (ఏటి పాయల మధ్య దీవికి) నీళ్లు మోసుకుపోయే కాలువ. అక్కడ తొందర పడకండి.

గట్టు రోడ్డు చాలాచోట్ల ఒక బండికే సరిపోతుంది, కాలువ వైపు పిట్టగోడ ఉండదు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే తారు అంచు దాటి మట్టిలోకి దిగకండి. వాన పడ్డాక ఆ మట్టి పైకి గట్టిగా కనబడుతుంది, చక్రం బరువు పడగానే కాలువలోకి జారుతుంది. వెనక్కి తీసి, చేలోకి దిగే ర్యాంపు దగ్గరో కల్వర్టు దగ్గరో ఆగి దారివ్వడమే మంచిది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీద బ్రేకు వేస్తే కారు జారుతుంది. గడ్డి పరిచిన చోట మరీ జాగ్రత్త: ఎండుగడ్డి కారు కింద సైలెన్సరు గొట్టానికి చుట్టుకుంటే వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి చోటు దాటగానే ఆపి, వంగి చూసి, కర్రతో లాగేయండి. చీకటి పడ్డాక గట్లు ఎక్కవద్దు. దీపాలుండవు, గేదెలు మాత్రం ఉంటాయి. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద కారు పెట్టకండి, కాయ పడితే అద్దం మిగలదు.

నరసాపురం నుంచి అంతర్వేది వైపు పోవడానికి రెండు దారులు: పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగడం, లేదా వశిష్ఠ మీద సఖినేటిపల్లికి పంటు, అంటే బళ్లను ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. పంటు ఎక్కితే బోలెడు సమయం మిగులుతుంది, కానీ కారు ఎత్తు చూసుకోవాలి. సముద్రం దగ్గర కాబట్టి ఆటుపోటుల్లో పాటు సమయంలో నీరు తగ్గి, ఎక్కే బల్లల వాలు పెరుగుతుంది. ముందు బంపరు కిందికి ఉన్న కార్లు అక్కడే రాసుకుంటాయి. నీరు నిండుగా ఉన్న పూట చూసుకుని వెళ్లండి. మనుషుల్ని దించేసి, డ్రైవరొక్కరే అద్దాలు దించుకుని, మొదటి గేరులో ఆగకుండా ఎక్కించాలి. బల్లల మధ్యలో ఆగితే తడి చెక్క మీద చక్రం ఉత్తినే తిరుగుతుంది. ఎక్కాక హ్యాండ్‌బ్రేకు, మొదటి గేరు, టైరు కింద అడ్డు, ఈ మూడూ ఉండాలి. పంటువాళ్లు చెప్పినచోటే పెట్టండి, బరువు సర్దడం వాళ్లకు తెలుసు. గాలి, వరద ఉంటే పంటు ఆపేస్తారు. అప్పుడు వాదించకుండా చించినాడ దారి పట్టండి.

తీరంలో సరుగుడు తోటల నీడలోనే కారు ఆపి నడిచి వెళ్లడం ఉత్తమం. ఎస్.యానాం దగ్గరైనా అంతర్వేది దగ్గరైనా ఎండిన ఇసుక కిందే తడి బురద ఉంటుంది. కారు దిగబడితే యాక్సిలరేటరు తొక్కకండి, ఇరుసు దాకా పోతుంది. టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించి, చక్రం ముందు ఇసుక తోడి, ఎండు కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి, రెండో గేరులో మెల్లగా లాగండి. తారు రోడ్డెక్కగానే గాలి మళ్లీ నింపాలి, కాబట్టి 12 వోల్టుల పంపు డిక్కీలో ఉండాల్సిందే. కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల మధ్య దారులకు నా దగ్గర మంచి మార్కులు లేవు. లారీల బరువుకు గోతులు, చినుకు పడితే నల్లమట్టి జారుడు.

ఉప్పుగాలి దెబ్బ వెంటనే తెలియదు. అదే సాయంత్రం మంచినీళ్లతో కారు అడుగు భాగం, చక్రాల లోపలి అంచులు, బ్రేకుల దగ్గర కడిగించండి. పైపైన కడిగి వదిలేస్తే తుప్పు మొదట బోల్టులకు, సైలెన్సరు క్లాంపులకు పడుతుంది.

కాలం సంగతి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, తుపాను వార్తలు చూసుకుంటే చాలు. పొద్దున్నే కాలువల మీద మంచు దట్టంగా కమ్ముతుంది కనుక ఎనిమిదయ్యాక బయల్దేరండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు గట్ల అందం సగం పోతుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథోత్సవం. ఆ రోజుల్లో దైవదర్శనానికైతే బస్సులో వెళ్లండి, కారు ఆపే చోటు దొరకదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం రోజూ చూడాలి: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి వరదలో మునుగుతాయి. లంకలోకి కారుతో దిగేముందు, నీరు పెరుగుతోందా తీస్తోందా అని ఒడ్డున ఉన్న పడవవాళ్లను అడగండి. పెరుగుతోందంటే కారు ఇవతలి ఒడ్డునే, ఏటిగట్టు మీద ఎత్తైన చోట పెట్టి పడవలో వెళ్లండి.