సాహసవంతుల కార్యక్రమం కోసం కట్టిన చందా: ఆరు నెలల తర్వాత నా సమీక్ష

ఒక 24 గంటల వార్తా ఛానెల్ యాప్‌కు ఆరు నెలలు చందా కట్టి చూశాను. బొమ్మ స్పష్టంగా వస్తుంది, ప్రసారం మధ్యలో ఆగదు, పాత ఎపిసోడ్లు వెతికితే సులువుగా దొరుకుతాయి. నేను చందా కట్టింది వారం వారం వచ్చే సాహసవంతుల కార్యక్రమం కోసం. ఇప్పుడు మానుకుంటున్నదీ ఆ కార్యక్రమం వల్లనే.

ఒక ఎపిసోడ్ గురించి వివరంగా చెప్పాలి. వరదలో మునిగిపోతున్న కారులోంచి ఒక మహిళను బయటికి లాగిన యువకుడి కథ అది. అసలు దృశ్యం పట్టుమని పది సెకన్లు కూడా లేదు. దాన్ని వేగం తగ్గించి, వెనక డ్రమ్ముల హోరు కలిపి ఐదుసార్లు చూపించారు. అతని చెయ్యి కారు తలుపును అందుకోబోతుండగా ప్రకటనలు వేశారు. ఆ తర్వాత యాంకర్ "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అన్న ప్రశ్ననే మూడు రకాలుగా అడిగారు. ఆ యువకుడు తల వంచుకుని, "గట్టు మీద తాడు పట్టుకున్నాయన వదిలేసి ఉంటే నేనూ మిగిలేవాణ్ణి కాదండీ" అన్నాడు. నాకు గుర్తుండిపోయింది ఆ ఒక్క మాటే. ఆ తాడు పట్టుకున్న మనిషి ఎవరో, ఎంతసేపు పట్టుకున్నాడో అడగకుండానే యాంకర్ చప్పట్లు కొట్టించి ముగించారు.

అదే వారం పాటల పోటీలో గెలిచిన గాయకుడికీ, ఆఖరి నిమిషంలో గోల్ కొట్టిన ఆటగాడికీ తెర మీద 'రియల్ హీరో' అన్న అదే పేరు తగిలించారు. ప్రతిభను మెచ్చుకోవలసిందే, కానీ ఓడితే పోయేది పతకమైనవారినీ, తప్పితే పోయేది ప్రాణమైనవారినీ ఒకే మాటతో పిలిస్తే ఆ మాటకు బరువు ఎక్కడ మిగులుతుంది? 1904లో అమెరికాలోని హార్విక్ బొగ్గుగనిలో పేలుడు జరిగినప్పుడు, లోపలివారిని కాపాడబోయి ఇద్దరు మరణించారు. అది విని చలించిన ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ అదే ఏడాది నెలకొల్పిన హీరో ఫండ్, ఇతరులను కాపాడడానికి తమంతట తాముగా ప్రాణాలకు తెగించినవారినే, అదీ విచారణ జరిపించాకే గౌరవిస్తుంది. ఈ కార్యక్రమంలో నాకు కనిపించనిది ఆ విచారణే.

తొందరపడి వీరులను తయారుచేస్తే ఏమవుతుందో 2003 ఇరాక్ యుద్ధంలోనే చూశాం. శత్రువుకు చిక్కిన అమెరికా సైనికురాలు జెస్సికా లించ్ వీరోచితంగా కాల్పులు జరుపుతూ పోరాడిందని పత్రికలు, టీవీలు ప్రచారం చేశాయి. 2007లో ఆమే అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చి ఆ కథ నిజం కాదని, అసలైన సాహసం చూపింది తన తోటి సైనికులని చెప్పవలసి వచ్చింది. ఆమె మాటల్లోనూ నాకు ఆ తాడు పట్టుకున్న మనిషే కనిపిస్తాడు.

ఆయన ఎవరో కనుక్కొని చూపించమని ఛానెల్‌కు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ధన్యవాదాల సందేశమే వచ్చింది.

ఇంతా చెప్పి ఒక మంచి ఎపిసోడ్ గురించి చెప్పకపోవడం న్యాయం కాదు. అగ్నిమాపక సిబ్బంది శిక్షణ మీద తీసిన దానిలో సంగీతం లేదు, యాంకర్ లేరు. ఒక ఉద్యోగిని గొట్టాల కీళ్లను వేలితో తడిమి, ఒక్కొక్కటే బిగించి చూసుకోవడాన్ని కెమెరా ఓపిగ్గా చూపిస్తుంది. దాన్ని రెండుసార్లు చూశాను. నేనిస్తున్న 5కి 2 మార్కులూ దానికే. అలాంటివి మరో నాలుగు వస్తే మళ్లీ చందా కడతాను.