యాంటీ టిప్పర్ల మీద అలక, ఇరుసు మీద మెప్పు

చక్రాల కుర్చీ బరువెంత, సీటు వెడల్పెంత, మడిస్తే కారు డిక్కీలో పడుతుందా అన్నవి కొనే ముందు అందరూ చూసుకునేవే కాబట్టి వాటి జోలికి పోను. ఏళ్ల తరబడి వాడిన తరువాత కూడా నాకు ఈ కుర్చీ మీద మమకారం మిగలడానికి కారణం ఒక్కటే: వెనుక పెద్ద చక్రాల ఇరుసును బోల్టులు విప్పి ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. ఆసుపత్రుల్లో కనిపించే మామూలు కుర్చీలకు ఆ ఇరుసు వీపు పట్టీకి దాదాపు తిన్నగా కింద బిగించి ఉంటుంది. దానివల్ల వెనక్కి తిరగబడే ప్రమాదం తక్కువే కానీ, మనిషి బరువు ముందున్న చిన్న చక్రాల మీద ఎక్కువగా పడి అవి మెత్తటి నేలలో దిగబడిపోతాయి. మా కోనసీమలో కాలువ గట్ల మీద, వాన వెలిసిన కొబ్బరి తోటల్లో అటువంటి కుర్చీతో తిరగడమంటే అడుగడుగునా ఎవరినో ఒకరిని కేకేయడమే. ఇరుసును రెండంగుళాలు ముందుకు జరిపించుకున్నాక కుర్చీ ముందు భాగం తేలికైంది, చేత్తో తోసే రింగు ఇంకాస్త ముందు దాకా అందింది, పక్కకు వాలుగా ఉన్న గట్టు రోడ్డు మీద కుర్చీ కాలువ వైపు లాగేయడం కూడా తగ్గింది.

కుర్చీతో పాటు వచ్చిన యాంటీ టిప్పర్ల గురించి, అంటే వెనుక నేలకు కాస్త ఎత్తున ఉండి మనిషిని వెల్లకిలా పడనివ్వని ఆ బుల్లి చక్రాల గురించి, కొత్తలో అడిగిన వారందరికీ మంచి మాటే చెప్పాను. గచ్చు నేల మీద ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. నరసాపురం రేవులో మాత్రం నిలవలేదు.

వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లడానికి అక్కడ పంటు ఎక్కాలి. రేవు రోడ్డు నీటి వైపు పల్లంగా దిగుతుంది, పంటు నుంచి ఒడ్డుకు దించిన ఇనుప పలక మళ్లీ పైకి లేస్తుంది. సముద్రం దగ్గరే కావడంతో ఆటుపోట్లను బట్టి ఆ రెండూ కలిసే చోటు ఒక్కో వేళ ఒక్కో తీరుగా ఉంటుంది. నా ముందు చక్రాలు పలక మీదికి ఎక్కాయి, వెనుక యాంటీ టిప్పర్లు రోడ్డు వాలుకు ఆనుకున్నాయి, ఆ రెండింటి నడుమ పెద్ద చక్రాలు నేలకు వేలెడు ఎత్తున గాలిలో నిలిచిపోయాయి. నేను తోస్తూనే ఉన్నాను, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, కుర్చీ అంగుళం కదలదు. బ్రేకు వేసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ బ్రేకు పట్టేది గాలిలో ఉన్న చక్రాలనే. వెనుక మోటారు సైకిళ్ల వాళ్లు హారన్లు మోగిస్తున్నారు. పంటు మీద పనిచేసే కుర్రాడు ఒకడు వంగి చూసి, "ఈ బుల్లి చక్రాలే అడ్డమండి" అని, ఇంకొకాయన వీపు పట్టీ గట్టిగా పట్టుకోగా, వాటి మీటలు నొక్కి రెండింటినీ పైకి తిప్పేశాడు. పెద్ద చక్రాలు నేలకు దిగాయి, ఒక్క తోపుతో పలక ఎక్కేశాను.

వాటిని పైకి తిప్పి తిరగాలంటే ముందు చక్రాలు లేపి వెనుక చక్రాల మీదనే నిలవడం రావాలి. ఆ సాధనకు వాకిట్లో పాత దూది పరుపు వేయించాను. చక్రాలు అందులో కూరుకుని దొర్లవు కనుక ఒరిగే వేగం తగ్గి, తూకం ఎక్కడ కుదురుతుందో ఒంటికి తెలిసే వ్యవధి దొరుకుతుంది. మా బావమరిది పాత పంచెను మెలిపెట్టి కుర్చీ వెనుక గొట్టానికి కట్టి, దాని కొసను వదులుగా పట్టుకుని నిలబడేవాడు. బిగించి పట్టుకుంటే తూకం నిలిపేది అతనే అవుతాడు. "బావగారూ, ఊపిరి బిగబట్టేశారండి, వదలండి" అని హెచ్చరిస్తూ ఉండేవాడు. వెనక్కి ఒరుగుతుంటే చక్రాన్ని వెనక్కి లాగాలి, ముందుకు వాలుతుంటే ముందుకు తోయాలి. భయంలో చేతులు సరిగ్గా దీనికి తిరగేసి పనిచేస్తాయి. చూపు చక్రాల మీద ఉన్నంతకాలం నాకు కుదరలేదు, ఎదురుగా దూరాన ఉన్న గుమ్మం మీద నిలిపాకే కుదిరింది. పడితే తల నేలకు కొట్టుకోకుండా గడ్డాన్ని గుండెకు ఆనించుకోవడం అన్నిటికన్నా ముందు నేర్చుకోవాలి.

వరద భయంతో మా వైపు ఇళ్లకు అరుగులు ఎత్తు. ర్యాంపు వాలు 1:12 మించకూడదన్నది నియమం, ఆ లెక్కన మూడడుగుల అరుగుకు 36 అడుగుల ర్యాంపు కావాలి. అంత వాకిలి ఎవరికుంది? మాది అందులో సగమే. ముందు చక్రాలు లేపి దిగడం వచ్చాక దిగేటప్పుడు ముందుకు జారిపోతానన్న బెంగ పోయింది. ఎక్కేటప్పుడు మాత్రం నేను ఇంతగా మెచ్చుకున్న ఇరుసే ఎదురు తిరుగుతుంది: ఛాతీని మోకాళ్ల మీదికి వంచకపోతే కుర్చీ వెనక్కి లేస్తుంది. అందుకే తోడు లేనప్పుడు యాంటీ టిప్పర్లు దించుకునే ఎక్కుతాను. ర్యాంపు మొదట్లో సిమెంటుతో వంపు పోయించాక అవి నేలకు తగలడం లేదు.

నాకు దెబ్బ తగిలింది నడుము దిగువన. పొట్ట కండరాలు పనిచేస్తాయి, చేతుల్లో సత్తువ ఉంది. ఛాతీ దగ్గరో మెడ దగ్గరో వెన్ను దెబ్బతిన్నవారికి నా మాట వర్తించకపోవచ్చు. షుగరు వల్ల రెండు కాళ్లూ తీసేసిన మా పక్క వీధి పెద్దాయన ఇదే కుర్చీ కొంటే ఇరుసును వెనక్కి జరిపించాం, ఎందుకంటే ముందు కాళ్ల బరువు లేకపోతే కుర్చీ తేలిగ్గా వెనక్కి తిరగబడుతుంది. ఆయనకు యాంటీ టిప్పర్లు తీయవద్దనే చెప్పాను.

కొనేవారు ఆ మీటలు కూర్చున్నచోటి నుంచి ఒంటి చేత్తో నొక్కగలరో లేదో దుకాణంలోనే చూసుకోవడం మంచిది. నాకు అందుతాయి కానీ, ఉప్పు గాలికి కుడివైపు మీట స్ప్రింగు తుప్పుపట్టి మొరాయిస్తోంది. స్ప్రింగు విడిగా దొరకదని, జత మొత్తం కొనాల్సిందేనని అమ్మినవారు అంటున్నారు. ప్రస్తుతానికి సైకిల్ షాపులో గ్రీజు పెట్టించుకుని నెట్టుకొస్తున్నాను.