సిసు వెనక నాలుగు చలికాలాలు: ముందు ప్రొపెల్లర్ల గురించి ఒక ఇంజినీర్ మాట

ఐస్‌బ్రేకర్ అనగానే అందరూ ఎంత మందం మంచు పగలగొడుతుంది, ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఫిన్లాండ్ వాళ్ల ఐస్‌బ్రేకర్ సిసు మీద నాకింత ఇష్టం ఏర్పడింది మాత్రం దాని ముక్కు కింద తిరిగే రెండు ప్రొపెల్లర్ల వల్ల. వెనక రెండు ఎలాగూ ఉన్నాయి, ముందు కూడా రెండు. నేను దాంట్లో పనిచేయలేదు, దాని వెనక నడిచే సరుకు ఓడలో సెకండ్ ఇంజినీర్‌ని. మాది విశాఖ. నాలుగు చలికాలాలు ఫిన్లాండ్‌లోని కెమి, ఔలు, రాహె రేవులకు తిరిగాం కాబట్టి ఇది వాడినవాడి మాటే.

స్వీడన్, ఫిన్లాండ్ మధ్యనున్న బోత్నియా అఖాతం పై కొసలో నీళ్లలో ఉప్పు చాలా తక్కువ, ఏటా గడ్డకట్టాల్సిందే. మంచు కదలకుండా ఉంటే ఇబ్బంది లేదు. అసలు చిక్కు గాలితోనే. నైరుతి గాలి ఒక పూట గట్టిగా వీచిందంటే మంచంతా ఫిన్లాండ్ ఒడ్డు వైపు నెట్టుకొచ్చి, అప్పుడే కోసిన దారి కూడా కళ్లముందే మూసుకుపోతుంది.

రెండో ఏడాది ఫిబ్రవరిలో రాహె ముందు మాకు అదే జరిగింది. సిసు మమ్మల్ని ఒకచోట ఆపి, ఇంకో ఓడను విడిపించడానికి వెళ్లింది. ఇంతలో గాలి పెరిగింది. ఇంజిన్ రూంలో ఉన్నవాడికి బయట ఏమీ కనపడదు, చప్పుడే కళ్లు. ముందు గీరుతున్న శబ్దం, తర్వాత పక్క రేకుల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు ఒక మూలుగు. ఓడ కదలడం ఆగిపోయింది. పైన ఓడ నడిపే బ్రిడ్జి వాళ్లు ముందుకీ వెనక్కీ ఇంజిన్ ఆడిస్తూనే ఉన్నారు, ఆ కుదుపులకు కింద నలిగిన మంచంతా సీ చెస్ట్‌లోకి, అంటే ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీళ్లు తీసుకునే పెట్టెలోకి, లాగేసుకుంది. కూలింగ్ వాటర్ ప్రెషర్ పడిపోవడం మొదలైంది. ఆ నీళ్లు వడకట్టే స్ట్రెయినర్ విప్పి చూస్తే గోలా బండి దగ్గర తురిమిన ఐసులా తెల్లటి ముద్ద, కిటకిటలాడుతోంది. చేతులతో తోడి బకెట్లో వేసి, రెండో స్ట్రెయినర్‌కి మార్చేలోపు అదీ నిండింది. ఇలాంటప్పుడు వేడెక్కిన నీళ్లను తిప్పి మళ్లీ సీ చెస్ట్‌లోకే పంపే లైన్ ఒకటి ఉంటుంది, మా ఓడలో దాని వాల్వు సగం తిరిగి బిగుసుకుపోయింది. బయట మైనస్ ఇరవై, లోపల నాకు ఒళ్లంతా చెమట. జాకెట్ వాటర్ (ఇంజిన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచే నీళ్లు) అలారం రెండుసార్లు మోగింది, ఇంజిన్ దానంతటదే స్పీడ్ తగ్గించుకుంది. అంత టెన్షన్ నా సర్వీసులో మళ్లీ పడలేదు.

రెండు గంటల తర్వాత ఎడమ పక్క రేకుల్లో వేరే చప్పుడు, ఏదో పెద్ద కొండ వాగు పక్కనుంచి పోతున్నట్టు. సిసు వచ్చింది. అది మమ్మల్ని ఆనుకున్నంత దగ్గరగా దాటిపోతుంటే ముందు ప్రొపెల్లర్ల నీళ్లు దాని పక్కల వెంట వెనక్కి తన్నుకొస్తాయి. తన ఒంటికీ మంచుకీ రాపిడి తగ్గడానికి పెట్టిన ఏర్పాటది, కానీ ఆ రాత్రి ఆ నీళ్లే మా పక్కన పేరుకున్న మంచుని కడిగేశాయి. మూలుగు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది. ఇంకోసారి దాటి, వెనక్కొచ్చి, తన వెనక భాగంలో రబ్బరు పరిచిన గాడిలోకి మా ముక్కు లాక్కుని వైర్లు బిగించి తీసుకెళ్లింది. తెల్లారేసరికి రాహెలో ఉన్నాం.

1976 నాటి ఓడ, దాని అక్క ఉర్హో ఇంకో ఏడాది పెద్దది. ఆ వయసులో ఆ పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే ఒకటి చెప్పాలి. ముందు ప్రొపెల్లర్లు మంచుని బాగా నలుపుతాయి, ఆ పొడంతా దారిలోనే ఉంటుంది, వెనక వచ్చే మాలాంటి వాళ్ల స్ట్రెయినర్లకి అదే గండం. దాని వెనక నడిచిన రోజుల్లో నేను వాచ్‌లో (డ్యూటీ వేళలో) ఎక్కువసార్లు స్ట్రెయినర్లు కడిగాను. ముందు ప్రొపెల్లర్లు లేకుండా గాలి బుడగలతో రాపిడి తగ్గించుకునే ఓట్సో, కొంటియో అనే ఐస్‌బ్రేకర్ల వెనక కూడా నడిచాం, మామూలు రోజుల్లో నాకు పెద్ద తేడా తెలియలేదు. తేడా అంతా మంచు ఒత్తిడి పట్టిన రోజే. 2016లో వచ్చిన ఐస్‌బ్రేకర్ పోలారిస్‌కి కూడా ముందు ఒక ప్రొపెల్లర్ పెట్టారంటే ఆ ఆలోచన తప్పు కాదనే అనుకుంటున్నాను. ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి కరగని గట్టి మంచులో మాత్రం ముందున్న రెక్కలే ముందు దెబ్బతింటాయి, అక్కడికి ఇది పనికిరాదు.

మాది ఐఏ ఐస్ క్లాస్ (మంచులో నడవడానికి ఓడ ఎంత గట్టిదో చెప్పే తరగతి), సిసు కంటే వెడల్పు తక్కువ, అందుకే అది కోసిన దారి మాకు సరిపోయేది. ఇరవై నాలుగు మీటర్లు దాటిన ఓడల వాళ్లని అడిగితే వేరే కథ చెప్తారు. ముక్కు కింద ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బల్బు లాంటి భాగం ఉన్న ఓడలకి ఆ గాడి కూడా కుదరదు. నాకైతే ఆ రూటు మళ్లీ వస్తే వెళ్తాను, ఎక్కిన రోజే ఆ వాల్వు పూర్తిగా తిరుగుతోందో లేదో చూసుకుని.