ఎన్‌క్లెక్స్ కోర్సుకి డబ్బు కట్టే ముందు, టైమ్ గురించి వాళ్లేం చెబుతున్నారో చూడండి

అమెరికా లాంటి దేశాల్లో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షకి ఆన్‌లైన్ కోర్సు వెతుకుతున్న నర్సులందరికీ ఈ హెచ్చరిక. “85 ప్రశ్నల్లోనే పాస్” అని ప్రచారం చేసుకునే ఒక సంస్థ దగ్గర నేను క్రాష్ కోర్సు కొన్నాను. పరీక్షలో టైమ్ చాలలేదు, ఫెయిల్ అయ్యాను. సబ్జెక్టు రాక కాదు. టైమ్ గురించి ఆ కోర్సులో నేర్పిందంతా తప్పు. ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు వాళ్లొక్కరే కాదు కాబట్టి, పేరు కన్నా ఎక్కడ మోసపోతారో చెప్పడం ముఖ్యం.

85 అనేది పరీక్షలో వచ్చే ప్రశ్నల కనీస సంఖ్య మాత్రమే. గరిష్ఠం 150. మీ స్థాయి పాస్ గీతకు పైన ఉందో, కింద ఉందో కంప్యూటర్ 95 శాతం నమ్మకంతో తేల్చుకునేదాకా ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఫెయిలైన వాళ్లకి కూడా 85 దగ్గరే ఆగిపోవచ్చు. కానీ మా క్లాసుల్లో పరీక్షకిచ్చే ఐదు గంటలనీ 85తోనే భాగించి, ఒక్కో ప్రశ్నకి మూడున్నర నిమిషాలు హాయిగా తీసుకోమన్నారు. 150 దాకా వెళ్తే చేతికొచ్చేది సగటున రెండు నిమిషాలే. 85 దాటాక కూడా స్క్రీన్ మీద ఇంకో ప్రశ్న వచ్చిందంటే, మిగిలిన టైమ్ చూసి గుండె జారిపోతుంది. నాకు జరిగిందదే.

దీనికన్నా ఘోరం “చివరి 60” సలహా. టైమ్ అయిపోతే చివరి 60 ప్రశ్నలనే చూస్తారు, మొదట్లో ఎలా రాసినా పర్వాలేదు, చివర్లో చకచకా నొక్కేయండి అని వీడియోలో చెప్పారు. చివరి 60 చూసే పద్ధతి ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2023 ఏప్రిల్‌లో కొత్త తరహా పరీక్ష వచ్చాక అది లేదు. ఇప్పుడు టైమ్ ముగిసేసరికి 85 పూర్తి కాకపోతే నేరుగా ఫెయిల్. 85 దాటి ఉంటే, జవాబిచ్చిన ప్రశ్నలన్నిటి మీదా లెక్క వేస్తారు. అంటే చివర్లో గుడ్డిగా నొక్కిన ప్రతి తప్పూ మీ స్థాయిని కిందికి లాగుతుంది. వాళ్లిచ్చిన పీడీఎఫ్‌లో ఇంకా “ఆరు గంటలు, 265 ప్రశ్నలు” అనే ఉంది. అది 2020కి ముందు నాటి పరీక్ష! డబ్బు తీసుకుని ఈ నోట్స్ ఇవ్వడానికి మనసెలా ఒప్పిందో.

ఇక వాళ్ల మాక్ టెస్టుల సంగతి. ప్రశ్నలన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే. వెనక్కి వెళ్లే బటన్ ఉంటుంది, గడియారాన్ని ఆపే బటన్ కూడా ఉంటుంది. అసలు పరీక్షలో ఒక ప్రశ్న వదిలేసి ముందుకి పోలేరు, దాటిన దానికి తిరిగి రాలేరు. కేస్ స్టడీ వస్తే స్క్రీన్ ఒక పక్క నర్సు నోట్స్, వైటల్స్, ల్యాబ్ రిపోర్టులు వేర్వేరు ట్యాబ్‌లలో ఉంటాయి. ఒకే పేషెంట్ మీద వరసగా ఆరు ప్రశ్నలు. ప్రశ్న మారేకొద్దీ కొత్త సమాచారం చేరుతుంటుంది, మళ్లీ ట్యాబ్‌లు తెరిచి చూసుకోవాలి. మార్కులు లెక్కలోకొచ్చే కేస్ స్టడీలు మూడుంటాయి. ముందు అలవాటు లేకపోతే టైమ్ తినేసేవి ఇవే. మా కోర్సులో పేరుకి ఒక్క కేస్ స్టడీ చూపించారు, అదీ స్లైడ్ మీద.

బ్రేక్ గురించి అసలు చెప్పనే లేదు. పరీక్ష మొదలైన రెండు గంటలకి ఒకసారి, మూడున్నర గంటలకి ఇంకోసారి బ్రేక్ కావాలా అని అడుగుతారు. తీసుకోవడం మన ఇష్టం. కానీ బయటికెళ్లి, అరచేతి స్కాన్ ఇచ్చి తిరిగొచ్చి కూర్చునేదాకా గడియారం నడుస్తూనే ఉంటుంది.

రిఫండ్ అడిగితే, వీడియోలు ఓపెన్ చేశారు కాబట్టి కుదరదన్నారు. “పాస్ గ్యారంటీ” అంటే డబ్బు వాపసు కాదట, ఇంకో బ్యాచ్‌లో డిస్కౌంట్ అట. మళ్లీ రాయాలంటే కనీసం 45 రోజులు ఆగాలి, 200 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు మళ్లీ కట్టాలి. ఆ భారమంతా మనదే.

అందుకే కొనే ముందు డెమో అడగండి. అందులో “చివరి 60” అన్నా, 265 అన్నా అక్కడితో ఫోన్ పెట్టేయండి. 150 ప్రశ్నల మాక్ ఉందా, జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుందా, కేస్ స్టడీలు ట్యాబ్‌లతో సహా వస్తాయా, గడియారం ఆగకుండా నడుస్తుందా అని సూటిగా అడగండి. పరీక్ష నిర్వహించే ఎన్‌సీఎస్‌బీఎన్ తన వెబ్‌సైట్‌లో అభ్యర్థుల బులెటిన్‌నీ, నమూనా ప్రశ్నల్నీ ఉచితంగా ఇస్తోంది. ముందు అవి చూసి, కోర్సు వాళ్ల మాటల్ని వాటితో సరిపోల్చుకోండి. రిఫండ్ షరతులు ఫోన్‌లో చెబితే నమ్మకండి, మెయిల్‌లో రాసి పంపమనండి. పంపకపోతే డబ్బు కట్టొద్దు.