పిల్లల గురక: ఇంట్లో స్లీప్ టెస్టా, విశాఖ ల్యాబా? ఏది మేలు?

పిల్లాడు రాత్రంతా గురక పెడుతుంటే మన శ్రీకాకుళం ఇళ్లల్లో వచ్చే మొదటి మాట "తాత పోలికే, ఏటీ అవదు" అని. జలుబు చేసి నాలుగు రోజులు గురక పెడితే నిజంగానే ఏమీ కాదు. కానీ జలుబు లేకుండానే వారానికి మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టై మళ్లీ గట్టిగా పీల్చడం, నోరు తెరిచి మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం... ఇవి కనిపిస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుని ఊపిరి పదేపదే అడ్డుపడే జబ్బు అని అనుమానించాలి. రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఎక్కువ, కారణం చాలాసార్లు పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే టాన్సిల్ లాంటి కండ). ఈ పిల్లలు పెద్దవాళ్లలా పగలు తూగరు, కుదురు లేకుండా గంతులేస్తారు, దాంతో బళ్లో టీచర్ తిడతారే తప్ప నిద్ర సంగతి ఎవరికీ తట్టదు.

సరే, టెస్ట్ ఎక్కడ? ఇచ్ఛాపురం నుంచో పలాస నుంచో పిల్లాడిని విశాఖ తీసుకెళ్లి ఒక రాత్రి ల్యాబ్‌లో పడుకోబెట్టడం కంటే, నాన్న గురకకి ఇంట్లోనే వాడిన స్లీప్ టెస్ట్ కిట్టే వీడికీ పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. నా మాట అడిగితే, పోదు.

ల్యాబ్‌లో తలకి తీగలు అంటించి మెదడు తరంగాలు చూస్తారు, ముక్కు దగ్గర గాలి, ఛాతీకి పొట్టకి బెల్టులు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, వీడియో అన్నీ ఉంటాయి. అమ్మో నాన్నో పక్కనే ఉండొచ్చు. ఇంటి కిట్‌లో మామూలుగా మెదడు తీగలు ఉండవు, కాబట్టి పిల్లాడు నిజంగా ఎంతసేపు నిద్రపోయాడో దానికి తెలియదు, మెషీన్ ఆన్‌లో ఉన్న గంటలన్నిటితో భాగిస్తుంది. ఒక లెక్క చూడండి. రాత్రి మొత్తంలో 9 సార్లు శ్వాస అడ్డుకుంది, మెషీన్ నడిచింది 10 గంటలు, నిద్ర 7 గంటలు. ల్యాబ్ లెక్కలో గంటకి 1.3, కిట్ లెక్కలో 0.9. పెద్దవాళ్లకైతే గంటకి 5 లోపు నార్మల్ కనక ఈ తేడా పెద్ద విషయం కాదు, పిల్లల్లో 1 దాటితేనే తేడా ఉన్నట్టు. అంటే అదే పిల్లాడికి ఒకచోట జబ్బుంది, ఇంకోచోట లేదు!

పైగా పిల్లలకి చాలాసార్లు ఊపిరి పూర్తిగా ఆగదు. గొంతు సగం మూసుకుని కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, లేదా ఆక్సిజన్ పడకముందే మెదడు ఉలిక్కిపడి లేపేస్తుంది. ఈ రెండూ మామూలు కిట్ పట్టుకోలేదు. అందుకే అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2017లో పిల్లల నిర్ధారణకి హోమ్ టెస్ట్ వద్దని చెప్పింది. ఇక మన ఇళ్లల్లో అందరం ఒకే గదిలో పడుకుంటాం, మైకు ఉన్న కిట్ అయితే అది రాసుకునేది ఎవరి గురకో దేవుడికే ఎరుక.

మధ్యలో ఇంకో దారి ఉంది, రాత్రంతా ఆక్సిజన్ రికార్డు చేసే ఆక్సీమీటర్. కరోనా అప్పుడు కొన్న వేలి క్లిప్పు కాదు, అది ఆ క్షణం అంకె చూపిస్తుంది అంతే. టాన్సిల్స్ పెద్దగా ఉన్న పిల్లాడికి ఆక్సిజన్ గుంపులు గుంపులుగా మళ్లీమళ్లీ పడిపోతే దాదాపు ఖాయం చేసుకోవచ్చు. గ్రాఫ్ శుభ్రంగా వస్తే మాత్రం జబ్బు లేదని అనుకోకూడదు. ఇంటి కిట్‌కీ నేను అంతే విలువ ఇస్తాను. ఉంది అంటే వింటాను, లేదు అంటే నమ్మను.

అందరూ ల్యాబ్‌కి పరిగెత్తాలా అంటే అదీ కాదు. ఖర్చు లేనిది ఫోన్ వీడియో. పడుకున్న రెండు గంటలకి ఒకటి, తెల్లవారుజామున ఒకటి, చొక్కా విప్పి ఛాతీ కనిపించేలా, ఫ్యాన్ చప్పుడు తగ్గించి తీయండి. దాన్ని పట్టుకుని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉండి, టాన్సిల్స్ బాగా పెద్దవైతే ల్యాబ్ లేకుండానే డాక్టర్ ఒక నిర్ణయానికి రావడం మామూలే.

ల్యాబ్ తప్పనిసరిగా అడగాల్సింది రెండేళ్ల లోపు పిల్లలకి, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల తేడా, కండరాల బలహీనత ఉన్నవాళ్లకి, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవాళ్లకి (సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి), లక్షణాలు గట్టిగా ఉన్నా టాన్సిల్స్ చిన్నవిగా ఉన్నవాళ్లకి. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేసే ఆపరేషన్ అయ్యాక ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచాలా అన్నది కూడా జబ్బు తీవ్రతని బట్టే తేలుతుంది. ల్యాబ్ టెస్ట్‌తో ఇంకో లాభం, జబ్బు తక్కువగా ఉందని తేలితే ఆపరేషన్‌కి తొందరపడకుండా ఆగొచ్చు కూడా. 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని ఏడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం, ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో 46 శాతం నార్మల్‌కి వచ్చారు.

ల్యాబ్‌కి ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: ఈ వయసు పిల్లలకి చేస్తారా, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారా, రిపోర్టు పిల్లల లెక్కతో చదువుతారా. మూడోదానికి నీళ్లు నమిలితే వేరే ల్యాబ్ చూసుకోండి. పిల్లాడికి జలుబో జ్వరమో ఉంటే ఆ తేదీ మార్చుకోండి.